పేలనప్పుడే నా పేరెత్తుతారు

నేను 9 ఎం.ఎం. పిస్టల్‌ని. పుట్టింది బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో. వంశం మాత్రం బెల్జియంది. జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టి 1926లో కన్నుమూస్తే, సైవ్ అనే ఆయన పూర్తిచేసిన హై పవర్ పిస్టలే మా మూలపురుషుడు. మ్యాగజైన్‌లో 13 తూటాలు పడతాయి. ఉద్యోగం ఒక జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ ఆయుధాగారంలో. ఏడాదిలో ఎక్కువ రోజులు ఒళ్లంతా నూనె రాసుకుని అరలో పడుంటాను. ఫైరింగ్ ప్రాక్టీసుకి బయటికి తీస్తారు. నా పరువు పోయేదీ ఆ రోజే.

ట్రిగ్గర్ నొక్కినప్పుడు టక్కుమని ఊరుకున్నానా, "ఈ గన్ను పనికిరాదు సార్" అంటాడు కానిస్టేబుల్. "గన్నుకేమైందిరా, పాత స్టాకు తూటాలవి" అంటాడు ఆర్ఎస్సై. ఈ తగాదా పెద్దపెద్దవాళ్లకీ తప్పలేదు. అమెరికా సైన్యం 1985లో బెరెట్టా కంపెనీ పిస్టల్‌ను తీసుకున్నాక కొన్నింటి స్లైడ్‌లు కాలుస్తుండగానే విరిగాయి. తూటాల్లో ఒత్తిడి ఎక్కువని కంపెనీ, లోహమే గట్టిది కాదని సైన్యం. చివరికి విరిగిన ముక్క ఎగిరొచ్చి ముఖానికి తగలకుండా లోపలి పిన్ను తల పెద్దది చేశారు.

మా ఆర్మరర్ హెడ్డుగారు ఎవరి మాటా వినరు. పేలని తూటాను వెంటనే తీయనివ్వరు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు కాబట్టి, మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగమంటారు. తర్వాత తూటా తీసి, అడుగునున్న ప్రైమర్‌ని వెలుగులోకి తిప్పి చూస్తారు. గుంట నడిమధ్యన లోతుగా పడిందంటే నా పని నేను చేసినట్టే, తప్పు తూటాదే. పైపైన గోరు గీరినట్టుందంటే మాత్రం నన్ను విప్పాల్సిందే: ఫైరింగ్ పిన్ను దారిలో పాత నూనె జిగురు కట్టి ఉంటుంది, లేదా హ్యామర్ స్ప్రింగు నీరసించి ఉంటుంది.

పేలుడు చప్పుడు బదులు టప్పుమని చిన్న శబ్దం వస్తే ఆయన గొంతే మారిపోతుంది. "ఆపరా!" అని అరుస్తారు. మందు తక్కువైన తూటా గుండును బ్యారెల్ మధ్యలో వదిలేసి చేతులు దులుపుకుంటుంది. దాని వెనకే ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, చీలినా చీలుతుంది. నేరం దానిది, శవం నాది.

ఇక జామ్‌లు. ఖాళీ కేసు బయటపడకుండా స్లైడ్‌కి అడ్డంగా నిలబడితే, చాలాసార్లు మణికట్టు వదులుగా పట్టినవాడిదే లోపం. స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లాలంటే ఎదురు పట్టు ఉండాలి కదా! కానీ ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లే అందరూ.

ఒకసారి తూటా ముక్కు బ్యారెల్ అంచుకి తగిలి పదేపదే ఆగిపోయింది. తూటాలు మార్చారు, అయినా ఆగింది. హెడ్డుగారు నా మ్యాగజైన్ తీసి పక్క పిస్టల్‌గాడికి పెట్టారు. వాడూ ఆగాడు! ఎవరో సిమెంటు గచ్చు మీద పడేసినప్పుడు దాని పైఅంచు ఒకవైపు కాస్త వంగిందట. అప్పటినుంచి ప్రతి మ్యాగజైన్‌కీ పెయింటుతో నంబరు వేస్తున్నారు. కొత్తదానికి ఇండెంటు కూడా పెట్టారు. రిజిస్టర్‌లో మాత్రం ఆయుధానికో గడి, తూటాలకో గడి ఉన్నాయి, మ్యాగజైన్‌కి లేదు. రైటరు కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, ఆ జామ్‌ని నా బట్ నంబరు కిందే రాసేశాడు.