తీగల మామ

సూరత్‌లో తెలుగువాళ్లంటే ముందు లింబాయత్ పేరే చెబుతారు. అక్కణ్ణుంచి కడోదరా చౌరస్తా దాకా, మగ్గాల సందులో ఎవరింటి పిల్లాడు గిటారు కొన్నా సాయంత్రానికల్లా తీగల మామ గుమ్మంలో ఉంటాడు. పిలవక్కర్లేదు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి నూలు మధ్యే జుట్టు నెరిసిన మనిషి. గిటారు మీద ఒక్క కార్డూ పట్టలేడు. అయితేనేం, తీగ కూడా దారమేగా!

ప్యాకెట్ మీద 12 అని చూడగానే మామ పెదవి విరుస్తాడు.

"గీ 12 ఏంది బిడ్డా? గింత సన్నం దారం చీరకే ఆగది, తెగిపోతది!"

మామ లెక్క డీనియర్లలో. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డీనియర్లు. గిటారు తీగ లెక్క వేరు: 12 అంటే అంగుళంలో వెయ్యో వంతులు పన్నెండు, అంటే 0.3 మిల్లీమీటర్ల మందం. పెద్ద బొజ్జ ఉన్న డ్రెడ్‌నాట్‌కు 12-53 సెట్టు బాగా నప్పుతుంది. చిన్న పార్లర్ గిటారుకు 11, వేళ్లు నొస్తున్నాయనే కొత్తవాళ్లకు 10. సన్నబడేకొద్దీ నొప్పితోపాటు మోతా తగ్గుతుంది. ఇదంతా పిల్లాడు చెబితే మామ, "గదే నేనంటున్న" అంటాడు.

80/20 బ్రాంజ్‌లో 80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింకు అని తెలిసిన రోజున మాత్రం మామను పట్టలేకపోయారు. "అది ఇత్తడిరా! బిందె చుట్టి అమ్ముతున్నరు!" నిజమే, అది ఇత్తడే. తగరం ఉండే ఫాస్ఫర్ బ్రాంజ్ నాదం కాస్త వెచ్చగా ఉంటుందంటే, వెచ్చదనం తన చెవికి తెలియదని ఒప్పుకోకుండా తల ఊపుతాడు.

నైలాన్ తీగ పుట్టిందీ సూరత్‌లోనే అని ఆయన వాదన. పాపం, అది 1940లలో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ చేసిన పని. యుద్ధంలో పేగు తీగలు దొరక్క, సెగోవియా లాంటి స్పెయిన్ విద్వాంసుడు కూడా దానికే మారాడు. మామకు ఆ పేర్లు రుచించవు.

ఒక్క విషయంలో మాత్రం మామ మాటకు తిరుగులేదు. క్లాసికల్ గిటారుకు స్టీలు తీగ బిగించబోతే చెయ్యి పట్టుకుంటాడు: "బ్రిడ్జి లేస్తది పోరడా!" నైలాన్ సెట్టు లాగుడు సుమారు 40 కిలోలు, స్టీలుది 70 దాటుతుంది. క్లాసికల్ పెట్టె అంత బరువుకు కట్టింది కాదు.

కొనబోయే ముందు బ్రిడ్జి చూడండి: తీగను ముడేసి కట్టి ఉంటే నైలాన్ కొనండి, గుబ్బ మేకులుంటే స్టీలు.