వేడిని మూటగట్టే విద్య

మే నెలలో సిరవార మీద కాసే ఎండ గురించి రాయచూరు జిల్లా వాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. మిట్టమధ్యాహ్నం నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. లింగసుగూరు రోడ్డు మీద కారు బానెట్ ఎత్తితే మొహానికి కొట్టే సెగ వేరే లెక్క. ఆ సెగ తగిలినవాడికి ఇంజను మీద జాలి కలగడంలో తప్పు లేదు. జాలి కలిగాక చేసే వైద్యం దగ్గరే పేచీ. టర్బో బండి కానీ, అదృష్టం పండి సెకండ్ హ్యాండ్‌లో దొరికిన సూపర్‌చార్జర్ బండి కానీ చేతికి రాగానే కొందరు భక్తులు ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టాలన్నిటికీ సిల్వర్ పేపర్ చుడతారు. దాని మీద ఏసీ పైపులకు తొడిగే నల్ల ఫోము, దాని మీద రేకుల షెడ్లకు కప్పే బబుల్ షీటు, అన్నిటి మీద బంగారు రంగు టేపు. పక్క తాలూకాలోనే హట్టి బంగారు గనులు ఉన్నాయి కనుక రంగు విషయంలో రాజీ పడరు. అలంకారం పూర్తయ్యాక ఊరి చివరిదాకా ఒక రౌండు కొట్టి వచ్చి, "పికప్ పెరిగింది" అని తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు.

అప్పీలు వేయకముందు వాళ్ల పక్షాన ఉన్న నిజాన్ని ఒప్పుకోవాలి. చల్లని గాలి చిక్కగా ఉంటుంది, వేడి గాలి పలచబడుతుంది. ఒత్తిడి మారకుండా గాలి 10 డిగ్రీలు వేడెక్కితే ఈ వాతావరణంలో దాని సాంద్రత దాదాపు 3 శాతం పడిపోతుంది. అంత మేర ఆక్సిజన్ తగ్గుతుంది, అంత మేర మండించగల ఇంధనమూ తగ్గుతుంది. పెట్రోలు ఇంజనులో మరో చిక్కు కూడా ఉంది. లోపలికి వచ్చే గాలి మరీ వేడిగా ఉంటే ఇంధనం అదను కాకముందే అంటుకుని ఇంజను కొట్టుకుంటుంది. దాన్ని తప్పించడానికి కంప్యూటరు స్పార్కును వెనక్కి జరుపుతుంది, బండి లాగుడు తగ్గుతుంది. కనుక ఇంజనుకు చల్లని గాలి అందాలన్న కోరికలో పిచ్చి ఏమీ లేదు. ఆ వేడి ఎక్కడ పుడుతోందో అడగకుండానే టేపు చుట్ట విప్పడంలో ఉంది పిచ్చి.

వేడి పుట్టేది గొట్టం లోపలే. సూపర్‌చార్జర్ చేసే పని గాలిని బలవంతంగా కుక్కడం. కుక్కిన గాలి వేడెక్కుతుంది, సైకిల్ పంపు పట్టుకున్న ఏ పిల్లాడికైనా తెలిసిన సంగతి ఇది. అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంటు తీసుకున్న గాలి యంత్రం గనులకూ కొలుములకూ గాలి కొట్టింది. అదే పద్ధతి తర్వాత కార్లలోకి వచ్చింది. గోట్లీబ్ డైమ్లర్ 1885లోనే ఇంజనులోకి గాలి కుక్కే ఉపాయానికి పేటెంటు తీసుకున్నాడు. 1921లో మెర్సిడెస్ కంపెనీ బెర్లిన్ ప్రదర్శనలో సూపర్‌చార్జర్ కార్లు నిలబెట్టింది. మన దగ్గర అమ్మిన మెర్సిడెస్ సి 200 కాంప్రెసర్ కారులో 1.8 లీటర్ల ఇంజను మీద కూర్చున్న సూపర్‌చార్జర్ ఆ వంశంలోదే. బెల్టుతో తిరిగితే సూపర్‌చార్జర్, సైలెన్సర్ వైపు పోయే పొగతో తిరిగితే టర్బో. వేడి విషయంలో మాత్రం ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. సిరవార ఎండలో 40 డిగ్రీల గాలి లోపలికి వెళ్లిందనుకోండి. వాతావరణ ఒత్తిడికి మరో సగం చేర్చి కుక్కితే, ఏ నష్టమూ లేని ఆదర్శ యంత్రంలోనైనా దాని వేడి మరో 38 డిగ్రీలు పెరుగుతుంది. రూట్స్ తరహా యంత్రం సామర్థ్యం 60 శాతం దగ్గర వేసుకుంటే పెరుగుదల 64 డిగ్రీలు. అంటే బయటికి వచ్చే గాలి వంద డిగ్రీలు దాటేసింది. ఇందులో సూర్యుడి వాటా లేదు, బానెట్ వాటా లేదు. ఇది మీరు డబ్బు పెట్టి కొనుక్కున్న వేడి.

ఇక భక్తుల దృష్టంతా ఉన్న ఫిల్టరు గొట్టం సంగతి. అరవై మిల్లీమీటర్ల వెడల్పు, అరవై సెంటీమీటర్ల పొడవు అనుకుంటే దాని లోపల పట్టే గాలి మహా అయితే ఒకటీ ముప్పావు లీటరు. లీటరున్నర ఇంజను మూడు వేల ఆర్‌పీఎం దగ్గర బూస్టు లేకుండానే సెకనుకు 37 లీటర్లు పీలుస్తుంది. అంటే గాలి ఆ గొట్టంలో ఉండేది సెకనులో ఇరవయ్యో వంతు కూడా కాదు. అంత హడావుడిగా పరిగెత్తే గాలి గోడల నుంచి ఎంత వేడి పట్టుకుపోగలదు? పైగా ఆ గోడ ప్లాస్టిక్‌ది. బానెట్ కింద 80 డిగ్రీలు ఉన్నాయని ఉదారంగా ఒప్పుకుని లెక్క వేసినా పెరిగేది ఒకటి రెండు డిగ్రీలు. మీ మూడు పొరల అలంకారం అందులో ముప్పాతిక వంతు ఆపిందనే అనుకుందాం. మిగిలే లాభం అర శాతం దాటదు. వంద హార్స్‌పవర్ బండిలో అర గుర్రం. ఆ అర గుర్రాన్ని సీటులో కూర్చుని వీపుతో కనిపెట్టగలిగినవారికి ఏ ప్రయోగశాలలోనైనా ఉద్యోగం ఖాయం.

ఇంతవరకు జరిగింది నిష్ప్రయోజనం. ఆ తర్వాత జరిగేది నష్టం. ఉత్సాహం ఆపుకోలేనివాళ్లు ఫిల్టరు గొట్టంతో ఆగరు, గాలి కుక్కే కంప్రెసర్ నుంచి దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే గొట్టానికీ చుట్టేస్తారు. ఆ గొట్టంలో ఉన్నది వంద డిగ్రీలు దాటిన గాలి, చుట్టూ బానెట్ కింద ఉన్నది దానికంటే చల్లని గాలి. అక్కడ వేడి లోపలి నుంచి బయటికి పోవాలని చూస్తోంది. మీరు దారి మూసేశారు. జ్వరంతో కాలిపోతున్నవాడికి రగ్గు మీద రగ్గు కప్పి, "బయట వేడి తగలకుండా కాపాడుతున్నాం" అని చెప్పుకోవడం లాంటిదే ఇది. ఫోముకు మీ ఉద్దేశం తెలియదు. ఏ వైపు వేడి ఎక్కువుంటే ఆ వైపు నుంచి పోనివ్వకుండా ఆపడం ఒక్కటే దానికి తెలుసు. చుట్టదగ్గ చోటు అసలే లేదా అంటే ఉంది. ఇంటర్‌కూలర్ దాటి చల్లబడ్డ గాలి మళ్లీ ఇంజను మీదుగా నడిచే కాస్త దూరం, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనుంచి పోయే ముక్క, సూపర్‌చార్జర్ నేరుగా ఇంజను మీద కూర్చున్న చోట మధ్యలో వేసే వేడి ఎక్కని గాస్కెట్. ఈ మూడింటికీ అర్థం ఉంది. కానీ ఇవి బానెట్ ఎత్తగానే కంటికి కనబడవు, ఫోటోలో మెరవవు. అందుకే వీటికి భక్తులు తక్కువ.

"మీటరు చూపించింది కదా" అంటారు. స్కానర్ పెట్టి చూస్తే లోపలి గాలి వేడి చుట్టకముందు 62 డిగ్రీలు, చుట్టాక 54 ఉంటే ఇంకేం కావాలని వాదన. చాలా కావాలి. చుట్టకముందు చూసింది మధ్యాహ్నం రెండు గంటలకు, చుట్టాక చూసింది దీపాలు పెట్టే వేళకు అయితే ఆ ఎనిమిది డిగ్రీలు సూర్యాస్తమయం ఇచ్చినవి. బండి ఆపి పది నిమిషాలు టీ తాగి వచ్చి మళ్లీ స్టార్టు చేస్తే అంకె ఎక్కువగా ఉంటుంది, రోడ్డెక్కి మూడు కిలోమీటర్లు పోతే దానంతటదే దిగుతుంది. చాలా టర్బో బండ్లలో గాలి వేడి చూసే సెన్సార్లు ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి. ఒకటి ఫిల్టరు దగ్గర, ఒకటి ఇంటర్‌కూలర్ దాటాక. స్కానర్ చూపించే వరుస ఏ సెన్సారుదో తెలియకుండా అంకె చదవడమంటే పక్కింటి కరెంటు బిల్లు చూసి మన ఇంట్లో ఫ్యాన్లు ఆపేయడం. ఇంకొందరు సెన్సార్ ఒంటికే టేపు చుట్టేస్తారు. అప్పుడు చల్లబడింది థర్మామీటరు, గాలి ఎప్పటిలాగే ఉంది. నిజంగా తేల్చుకోవాలంటే ఒకే రోడ్డు, ఒకే వేళ, ఒకే బరువు పెట్టుకుని చుట్టకుండా ఒకసారి, చుట్టి ఒకసారి, మళ్లీ విప్పి ఒకసారి పరిగెత్తించాలి. విప్పినప్పుడు అంకె మళ్లీ పాత చోటికి పెరగాలి. ఈ మూడో పరుగు దగ్గరికి వచ్చేసరికి టేపు విప్పే ధైర్యం ఎవరికీ మిగలదు.

సూపర్ కార్ల సాక్ష్యం కూడా తెస్తారు. మెక్‌లారెన్ ఎఫ్1 కారు ఇంజను గదిలో అసలు బంగారు రేకే పరిచారని గుర్తుచేస్తారు. నిజమే, పరిచారు. అయితే అక్కడ ఆ రేకు పని ఎగ్జాస్ట్ నుంచి కిరణాలుగా వచ్చే వేడిని తిప్పికొట్టి చుట్టూ ఉన్న కార్బన్ ఫైబర్ శరీరాన్ని కాపాడటం. ఆ కారుకు టర్బోనే లేదు, సూపర్‌చార్జరూ లేదు. మెరిసే రేకు తిప్పికొట్టగలిగేది కిరణాల వేడినే, అదీ ఎదురుగా కొంత ఖాళీ ఉన్నప్పుడు. గొట్టానికి అతుక్కుని, చుట్టూ వేడిగాలిలో మునిగి ఉన్న టేపు పని మెరవడం వరకే. "కంపెనీవాళ్లు పిసినారులు, పైసలు మిగుల్చుకోవడానికి ఈ పని వదిలేశారు" అనేది మరో వాదన. కంపెనీలు పిసినారులే, అందులో సందేహం లేదు. మైలేజీ అంకెలో దశాంశం తర్వాతి స్థానం కోసం టైరు రబ్బరు మార్చేవాళ్లు, వంద రూపాయల ఫోముతో ఒక శాతం వస్తుందంటే వదులుతారా? పట్టించుకోవలసిన చోట వాళ్లు ఎప్పుడో పట్టించుకున్నారు. ఒకప్పుడు అల్యూమినియంతో పోసిన ఇంటేక్ మానిఫోల్డులు చాలా బండ్లలో నైలాన్ ప్లాస్టిక్‌కు మారాయి. బరువు, ఖర్చు కలిసొచ్చాయి, దానితోపాటు అల్యూమినియం కంటే వందల రెట్లు తక్కువగా వేడిని మోసే గోడ కూడా వచ్చింది. గాలి పీల్చే మూతిని గ్రిల్లు దగ్గరికి తెచ్చిపెట్టింది కూడా బయటి గాలి కోసమే. మీరు చుట్టబోయే గొట్టం ఫ్యాక్టరీలోనే చుట్టించుకుని వచ్చింది.

చివరికి అందరూ చేరే చోటు ఒకటుంది: "పోనీ, రెండు వందల ఖర్చు, పోయేదేముంది?" పోయేది బండే. టర్బో ఉన్నవైపు ఎగ్జాస్ట్ వేడి ఏడెనిమిది వందల డిగ్రీల దాకా పోగలదు. బబుల్ షీటులో ఉన్న పాలిథిన్ 110 దగ్గర కరుగుతుంది, థర్మోకోల్ వంద లోపే కుంగిపోతుంది. ఊడిన ఫోము ముక్క బెల్టులో పడవచ్చు, ఫిల్టరు దాటిన చోట అతుకు వదిలితే కంప్రెసర్ రెక్కల్లోకీ పోవచ్చు. సిల్వర్ పేపర్ కరెంటును కూడా మోస్తుంది, దాని కొస బ్యాటరీ టెర్మినల్‌ను తాకితే మిగతా కథ ఫైరింజను వాళ్లు చెప్పాలి. దీనికంటే నిశ్శబ్దమైన నష్టం మరొకటుంది. గొట్టం చీలిందో, అతుకు దగ్గర ఆయిలు కారుతోందో మెకానిక్ కంటితో చూసి పట్టేస్తాడు. మూడు పొరలు కప్పాక ఆ కన్ను పనికిరాదు. ఆయిలు పీల్చుకున్న చుట్ట వేడి లోహం పక్కన ఉంటే అది వత్తి. కొరివితో తల గోక్కోవడానికి రెండు వందలు తక్కువ ధరే.

మరి లోపల పుట్టిన వేడిని ఏం చేయాలి? బయటికి తీయాలి, దానికి ఉన్న ముఖ్యమైన దారి ఇంటర్‌కూలర్. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాలకు రెండంచెల సూపర్‌చార్జర్‌తో మెర్లిన్ 60 వరుస ఇంజన్లు అమర్చినప్పుడు రోల్స్ రాయిస్ ఇంజనీర్లు గొట్టాలకు దుప్పట్లు కప్పుతూ కూర్చోలేదు. కుక్కిన గాలిని చల్లబరచడానికి ప్రత్యేకంగా ఇంటర్‌కూలర్ పెట్టి, ఆ వేడిని మోయడానికి విడిగా రేడియేటర్ ఇచ్చారు. అంత దూరం పోనక్కర్లేదు, సిరవార చుట్టుపక్కల తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి కోసే రోజుల్లో పొలం గట్టు మీద నిలబడితే చాలు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు రైతుల క్యాంపుల్లో కోత మిషన్లు దిగుతాయి. వాటి ఇంజన్లలోనూ టర్బోలున్నాయి, పైగా రోజంతా పూర్తి బరువు మీద నడుస్తాయి, ఎగిరే పొట్టు మధ్యలో. ఆ డ్రైవరు బంగారు టేపు కోసం ఎవరినీ పంపడు. వేడి ముల్లు లేవగానే మిషను ఆపి రేడియేటర్ జాలీ మీద పేరుకున్న పొట్టు దులిపి, గాలి కొట్టి, ఫిల్టరు ఊది మళ్లీ ఎక్కుతాడు. ఇంజను చదువు చదవకపోయినా అతనికి తెలిసింది ఇదీ: వేడి పోయే దారి మూసుకుంది, తెరవాలి. మన కార్లు తిరిగేదీ అదే రోడ్ల మీదే. కోతలప్పుడు వరి పొట్టు, మిగతా రోజుల్లో పత్తి నూగు, ఏడాది పొడవునా ఎర్రమట్టి నల్లమట్టి దుమ్ము. అవన్నీ బంపరు వెనక ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య చేరి ఉంటాయి. 70 శాతం వేడి తీయవలసిన ఇంటర్‌కూలర్ 50 శాతమే తీస్తోందంటే, పైన వేసిన లెక్కలో ఇంజనుకు చేరే గాలి మరో 13 డిగ్రీలు వేడెక్కినట్టు. మీ ఫోము ఆపుతానన్న ఒకటి రెండు డిగ్రీలు దీని ముందు ఏపాటి?

కనుక ఎండలు ముదరకముందే బంపరు విప్పించి ఇంటర్‌కూలర్ కడిగించండి. నీళ్ల ప్రెషర్ మాత్రం రెక్కలు వంగనంత ఉండాలి. ఎయిర్ ఫిల్టరు మార్పించండి, ఫ్యాక్టరీ అమర్చిన హీట్ షీల్డు ఏ మెకానిక్ అయినా బిగించకుండా వదిలేశాడేమో చూసుకోండి. ఇంట్లో మిగిలిపోయిన సిల్వర్ పేపర్ వంటింట్లోకి పంపేయండి, అందులో చుడితే చపాతీలు చాలాసేపు వేడిగా ఉంటాయి.