పాత బుల్లెట్ కొన్న తమ్ముడికి

కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ దొరికిందా తమ్ముడూ? శుభం. ఇక మెకానిక్ మాట వినకు.

ముందు కిక్కు. కిక్ రాడ్ మెల్లగా నొక్కి, అది గట్టిపడి యాంపియర్ మీటర్ ముల్లు మధ్యకొచ్చాక డీకంప్రెషన్ లివర్ పట్టుకుని, పిస్టన్‌ను కాస్త దాటించి, లివర్ వదిలి అప్పుడు నిండా తొక్కమంటారు. అంత చాదస్తం మనకెందుకు? నలుగురూ చూస్తుండగా, కాలికి హవాయి చెప్పులతో, పిస్టన్ ఎక్కడుంటే అక్కణ్నుంచే ఎగిరి తొక్కు. స్పార్క్ ముందే పడిందంటే రాడ్ వెనక్కి తన్ని పిక్క మీద జవాబు చెబుతుంది. కుంటుతూ నడిచేవాణ్ని చూస్తేనే కదా బుల్లెట్ వాడని ఊరికి తెలిసేది.

బావమరిది ఒక రౌండు అడిగితే తాళం ఇచ్చెయ్. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి అని మాత్రం చెప్పకు. అందులోనూ ఫస్టు పైకి, మిగతా మూడూ కిందికి. సెంటర్లో ఆటో అడ్డొస్తే బ్రేకనుకుని కుడికాలు తొక్కుతాడు, బండి పై గేరులో పడుతుంది.

ఇక ఆయిలు. చాలారోజులు నిలబెట్టిన బండిలో ఆయిల్ తొట్టిలోంచి కిందికి జారి, డిప్‌స్టిక్ పొడిగా కనిపిస్తుంది. కాసేపు ఇంజన్ ఆడిస్తే పంపు దాన్ని మళ్లీ తొట్టిలోకి ఎక్కిస్తుందట. అంతసేపు ఎవడు ఆగుతాడు? లీటరు పోసెయ్. బ్రీదర్ గొట్టంలోంచి చుక్కలు పడితే గుడ్డ కుక్కు. పిస్టన్ దిగినప్పుడల్లా నొక్కుకుపోయే గాలికి అదే దారి. అది మూసుకుపోతే ప్రతి జాయింటులోంచీ ఆయిల్ కారుతుంది. ఇన్నాళ్లూ ఒక్కచోటే కారడం పక్షపాతం కాదూ?

చివరిది, అసలైనది, హైవే. మద్రాసులో తయారైన ఈ బండికి 346 సీసీ, 18 హార్స్‌పవర్. పోత ఇనుప సిలిండర్లో అల్యూమినియం పిస్టన్. వేడెక్కితే ఇనుముకన్నా అల్యూమినియం ఎక్కువ ఉబ్బుతుంది. కనెక్టింగ్ రాడ్ కింది చెవిలో రోలర్ బేరింగ్ కూడా లేదు, ఆయిల్ పొర మీద తేలే బుష్షే. అందుకే రీబోరు చేయించాక కొన్నాళ్లు నెమ్మదిగా నడపమంటారు, పిరికివాళ్లు. నువ్వు మాత్రం మే నెల మిట్టమధ్యాహ్నం, షెడ్డు నుంచి నేరుగా విజయవాడ హైవే ఎక్కి థ్రాటిల్ పూర్తిగా తిప్పు. సూర్యాపేట దాకా రాకముందే సీజ్ అయి వెనక చక్రం బిగుసుకుంటే కంగారుపడకు. ప్రాణాలతో ఆగితే గంటసేపట్లో చల్లారుతుంది, అదృష్టముంటే స్టార్టవుతుంది కూడా. పోయిన టైము కలిసిరావాలిగా, ఈసారి ఇంకాస్త గట్టిగా తిప్పు.