ఆమేన్ తరువాత

మా బెజవాడ క్రైస్తవులకు దేవునితో మాటలాడుట ఒకరు నేర్పవలసిన విద్య కాదు. పలక పట్టిన పిల్లవాడు మొదలు పండ్లూడిన తాతగారి వరకు, "ఒక్క మాట ప్రార్థన చేయండి" అన్నంతనే కన్నులు మూసికొని, భూమ్యాకాశములను సృజించిన వానికి ఆ సృష్టిక్రమమునే ఒకమారు జ్ఞాపకము చేసి, అచ్చటినుండి మెల్లగా పటమట రోడ్డు గుంటల వరకు దిగివచ్చి, ఆమేన్ అని లేచి కాఫీ గ్లాసులవైపు చూచువారే. ఆయన బదులు చెప్పదలచినచో ఎప్పుడు చెప్పవలెనో ఎవ్వరును ఆలోచించినట్లు కనబడదు.

మా యింట జరిగిన ఒక శుక్రవారపు కూటములో సంఘపెద్ద యొకరు మా మేనత్త మోకాళ్ళ నొప్పిని ప్రార్థనలో పెట్టిరి. నొప్పి ఎడమ మోకాలిదనియు, చూచిన వైద్యుడు గవర్నరుపేటలో ఫలానా సందులో నున్నాడనియు, ఆయన వ్రాసిన మాత్రలు కడుపులో మంట పుట్టించుచున్నవనియు సర్వజ్ఞుడైన ప్రభువునకు సవిస్తరముగా నివేదించుచుండగా, వంటింటిలో పాలు పొంగి పొయ్యిమీద పడిన చప్పుడు అందరికిని వినబడెను. కన్ను తెరచుటకు ఒక్కరికిని ధైర్యము చాలలేదు. తుదకు మోకాళ్ళ నొప్పిగల మా అత్తయే దిగ్గున లేచి, పరుగున పోయి, పొయ్యి ఆర్పి వచ్చినది.

"చూశారా అమ్మగారూ, ప్రభువు ఎంత త్వరగా ఆలకించాడో!" అని పెద్దగారు పరవశులైరి.

"ఆయన సంగతేమో గాని అన్నయ్యగారూ, పాలు పొంగటం మాత్రం నేనే ఆలకించాను" అని మా అత్త.

వినుటయందు మనకు ఆసక్తి లేదనుట అన్యాయము. నచ్చినది వినుటయందు మనకున్న నేర్పు అసాధారణము. డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డుల పళ్ళెము త్రిప్పునప్పుడు చూడవలెను. అభివృద్ధిని గూర్చిన వాక్యము దొరికినవాడు దానికి పటము కట్టించి నడవలో తగిలించును; శత్రువును ప్రేమింపుమను వాక్యము దొరికినవాడు, తాను పొరపాటున ప్రక్కవాని కార్డు తీసితినేమో యని అనుమానపడును. పెండ్లి సంబంధములలో "ప్రార్థించి చెబుతామండీ" అను మాట మరింత గహనము. ఇచ్చిపుచ్చుకొనుటలు కుదిరినచో దైవచిత్తము తెల్లవారక మునుపే తెలిసిపోవును. కుదరనిచో ఎన్ని ఉపవాసములున్నను తెలియనే తెలియదు.

ఊరు కూడ ఆలకించుటకు అనుకూలించునది కాదు. బెంజి సర్కిలు హారనుల నడుమ అంతరాత్మ మాట యటుండ, ఆలిమాటయే వినబడదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో గుణదల మేరీమాత తిరునాళ్ళకు జనము కొండయెక్కి, కొవ్వొత్తులు వెలిగించి, తలనీలాలిచ్చి, తమ తమ మొరలు విన్నవించి దిగిపోవుదురు. బదులుకై కూర్చుందమన్నను వెనుక వరుస త్రోయుచుండును. హోరేబు కొండపై ఏలీయా ప్రవక్తకు పెనుగాలిలోను, భూకంపములోను, అగ్నిలోను వినబడని దైవము, అవి యన్నియు దాటిన పిమ్మట మెల్లని స్వరముతో మాటలాడెనని గ్రంథము. ఆ ప్రవక్తకు మా పేటలో గుహ దొరకియుండినచో, ఆ మూటిని దాటియు "హలో, మైక్ టెస్టింగ్" వద్ద ఆగిపోయియుండును.

అయినను ఈ కృష్ణాతీరముననే ఆలకింప నేర్చినవాడు ఒకడుండెను. రాఘవాపురము మాలపల్లెలో పుట్టిన పగోలు వెంకయ్య విగ్రహములయందు విశ్వాసము పోగొట్టుకొని, పేరైనను తెలియని దేవుని, నీవెవడవు, ఎచ్చట నున్నావు, నాకు కనబడుము అని ఏండ్ల తరబడి అడిగెను. నదీస్నానమునకు బెజవాడ వచ్చినప్పుడు ఒక బ్రాహ్మణుడు, నీవు వెదకు దేవుని గూర్చి ఈ ఊరి దొరగారు చెప్పుచున్నారని దారి చూపెనని చెప్పుకొందురు. ఆ దొర చర్చి మిషనరీ సొసైటీకి చెందిన టి. వై. డార్లింగ్, ఆ సంవత్సరము 1859. వెంకయ్య బాప్తిస్మము పొందెను. ఆయన వెంట బంధుజనము, పిదప చుట్టుపట్ల పల్లెలు కదలినవి.

వెంకయ్య ప్రార్థనకును మన ప్రార్థనకును గల భేదము స్పష్టము. ఆయనది ప్రశ్న, మనది జాబితా. ప్రశ్న అడిగినవాడు బదులుకై ఆగక తప్పదు. జాబితా చదివినవాడు సరకులు ఇంటికి వచ్చునని వెడలిపోవును. పైగా ఆయనకు దారి మేఘములనుండి రాలేదు. రేవులో ఎదురైన మనుష్యుని నోట వచ్చినది. మనమైనచో ఆ మనుష్యుని నడుమనే ఆపి, మన సాక్ష్యము చెప్పియుందుము.

కావున సోదర సోదరీమణులారా, ఆమేన్ అనిన తరువాత కొంచెము సేపు ఊరకుండి చూడుడు. "నీ బాకీ తీర్చుము" అని వినబడినచో అది బహుశః ఆయన స్వరమే. "వానియొద్ద బాకీ వసూలు చేయుము" అని వినబడినచో నిస్సందేహముగా మన గొంతే.