కొర్రమీను పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

చెరువు నీరు తగ్గఁ జేరి జమ్ముల నీడ
గాలి మింగు చేప గట్టు పక్క
కప్ప నెరగఁ జూపి కన్ను మూయక యుండఁ
గొర్ర దక్కు, లేక కునుకు దక్కు

అవతారిక: కల్యాణి చాళుక్య ప్రభువు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలోనే తన ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదమని గాలపు వేటకు ఒక ప్రకరణం కేటాయించాడు. కాబట్టి ఇది పనిలేనివాళ్ళ పని అని ఇంట్లోవాళ్ళు అనరాదు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు కొర్ర కోసం గాలం పట్టుకుని తిరిగేవారున్నారు గాని, దాని మీద పద్యం చెప్పినవారు కనబడలేదు. అందుచేత మూలం కూడా టీకాకారుడే రాసుకున్నాడు. దోషాలు మూలానివి, గుణాలు టీకవి.

టీక: చెరువు నీరు తగ్గన్ = చెరువులో నీళ్ళు ఇంకగా. ఏ చెరువు? అనంతసాగరం చెరువు కావచ్చు, గండిపాళెం జలాశయం అంచు కావచ్చు, బొగ్గేరు మడుగైనా కావచ్చు. సోమశిల మాత్రం కాదు. అన్ని నీళ్ళలో కొర్రను వెతకడానికి ఒక పద్యం చాలదు, శతకం కావాలి. ఈ మెట్టసీమకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సంక్రాంతి దాటితే చెరువు అంచులను వదిలి లోతుకు జరుగుతుంది. ఎండలు ముదిరేసరికి తూము దగ్గర గుంటే గతి. బొచ్చె, శీలావతి ఊపిరాడక తెల్లగా తేలేది అప్పుడే. కొర్ర తేలదు.

జమ్ముల నీడన్ చేరి = జమ్ము చాటుకు పోయి. జమ్మంటే రెల్లు అని వాదించేవారు చెరువులో కాలు పెట్టి ఎరగరు.

గాలి మింగు చేప = పద్యానికి ఆయువుపట్టు ఇదే. దీనికి మొప్పలు చాలవు. తలలో, మొప్పలకు పైన ఉన్న అరల్లోకి గాలి నింపుకుంటుంది. పైకి రానివ్వకుండా నీళ్ళలోనే అదిమి ఉంచితే ఊపిరాడక చస్తుంది. చేప నీళ్ళలో మునిగి చావడం విరోధాభాసాలంకారమని పండితులు సంతోషించబోతారు. ఆభాసమేమీ లేదు, జరిగేదే. ఆ గాలి బలంతోనే చెరువు ఎండినా తడిబురదలో దూరి వానల దాకా కాచుకుంటుంది. వేటగాడికి ఆనవాలు కూడా ఆ గాలే. జమ్ము సందులో ‘టప్’మని చిన్న చప్పుడు, నీటి మీద గుండ్రటి చుట్టు, వెనకే రెండు బుడగలు. నీళ్ళు లేనప్పుడు బతికించేదే నీళ్ళున్నప్పుడు పట్టిస్తుంది.

ఆక్షేపణ: మార్పు, ఇంగిలాయి, మట్టగిడస కూడా గాలి మింగుతాయి గదా, లక్షణానికి అతివ్యాప్తి దోషం రాలేదా? వచ్చింది. గాలానికి మట్టగిడస పడినప్పుడు ఆ దోషం ఇంకా బాగా తెలిసివస్తుంది.

‘చేపకు’ అని ఉండవలసిన చోట ‘చేప’ అన్నాడు. చేపే దొరకని కవికి విభక్తి ఎక్కడ దొరుకుతుంది?

కప్పన్ ఎరగన్ చూపి = చిన్న కప్పను వీపు తోలుకు గాలం గుచ్చి, జమ్ము అంచున తపతపలాడించి. పిండిముద్దకు మురిసేది శీలావతి. కొర్ర మాంసాహారి, కదిలేదాన్నే నమ్ముతుంది.

కన్ను మూయక యుండన్ = మేలుకొని ఉండగా. మేలుకున్నవాడికి ‘కునుకు దక్కు’ ఎలాగన్నది పూర్వపక్షం. సమాధానం: ‘లేక’ అన్న మాటను చూడాలి. కొర్ర, కునుకు ఒక పూటలో ఒకడికే దక్కవు. ఓపికకు దృష్టాంతం కావాలంటే ఉదయగిరి దుర్గమే ఉంది. గజపతుల చేతిలోని ఆ కోట కింద కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా కాచుకుని 1514లో పట్టాడు. బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయాడు. ఆయన మధ్యలో కునికితే చరిత్ర వేరేగా ఉండేది.

తాత్పర్యం: ఎండాకాలం చెరువుగట్టున కూర్చుంటే చేపో నిద్రో, ఏదో ఒకటి వస్తుంది. తొట్టెల్లో బతికున్న పెంపుడు కొర్రలను తూచి అమ్మే అంగళ్ళుండగా ఇంత అవస్థ ఎందుకన్న ప్రశ్న తాత్పర్యంలో రాదు.

విశేషం: ‘తగ్గ’ బదులు ‘నిండ’ అని ఒక పాఠాంతరం చెబుతారు. గణం సరిపోతుంది, అర్థం సరిపోదు. కొత్తనీళ్ళకు కొర్ర గుడ్లు పెడుతుంది. అవి నీటి మీద తేలుతాయి. పిల్లలు ఎర్రగా, ఒకే గుంపుగా తిరుగుతుంటాయి. గట్టు మీది నుంచి చూస్తే నీళ్ళలో కుంకుమ కలిపినట్టుంటుంది. కింద తల్లీ తండ్రీ కాపలా. గుంపు మీదికి ఏది వచ్చినా ఎగబడి కొడతాయి. ఆకలితో కాదు, తరమడానికి. గుంపు నడుమ గాలం ఆడించినవాడికి అప్పుడు మేలుకోవడం, ఓపిక ఏవీ అక్కర్లేదు, నిమిషంలో పని అయిపోతుంది. మిగిలిన పిల్లలను మధ్యాహ్నానికల్లా నీటిపాములు, కొంగలు, ఇతర చేపలు ఖాళీ చేస్తాయి.

అందుకే మూలంలో ‘తగ్గ’ అన్నాడు. ‘నిండ’ ప్రక్షిప్తం. ఆ పాఠం చదివేవాళ్ళకు గాలం ఎరువివ్వకూడదు.