ఛాన్సుంది, కాకపోతే...

కావలి ట్రంకు రోడ్డు మీద ఒక టీ బంకు ముందు సాయంత్రం ఆరింటికల్లా రెండు కుర్చీలు పడతాయి. ఒకటి, ఎవరికి ఎక్కడ సీటొచ్చే ఛాన్సుందో చెప్పే ఛాన్సుల సారుది. రెండోది, ఐఐఎంలో సీటు ఆశిస్తున్న పిలకాయ తండ్రిది. పిలకాయకి కుర్చీ ఉండదు. ఫోను చూసుకుంటా పక్కన నిలబడి ఉంటాడు, వాడికేం సంబంధం లేనట్టు.

సారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆ సీటు కోసం రాసే క్యాట్ పరీక్ష జన్మలో రాయలేదు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, "పెళ్లి జరిపించే అయ్యవారు తాళి కూడా కట్టాలా ఏంది?" అంటారు. ఆయన సరంజామా అంతా ఒక పాత డైరీ, ఒకవైపు నీలం, ఒకవైపు ఎరుపు ఉండే పెన్సిలూ. నీలంతో మార్కులు రాస్తారు, ఎర్రదాంతో గీతలు గీస్తారు. రెండు కొసల్లో ఏది ఎక్కువ అరిగిందో చెప్పక్కర్లేదు.

ఎవరొచ్చినా ఆయన ముందు అడిగేది క్యాట్ స్కోరు కాదు. "టెన్త్‌లో ఎంత?" అది నక్షత్రం. "ఇంటర్‌లో ఎంత?" అది పాదం. ఆ రెండూ తెలిశాకే మిగతా గ్రహాల సంగతి. మొదట్లో నేనూ నవ్వుకునేవాణ్ణి. తీరా చూస్తే ఈ ఒక్క విషయంలో ఆయన మాటే నిజం. పేరున్న ఐఐఎంలు పదో తరగతి మార్కులు కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఇరవై రెండేళ్ల వాడి బతుకు వాడికి మీసం మొలవకముందు రాసిన సోషల్ పేపర్లో దాక్కునుంటుంది. జాతకం కాక మరేమిటది?

పోయిన సంక్రాంతికి ముందు తుమ్మలపెంట వైపు నుంచి ఒక రొయ్యల రైతు తన కొడుకును వెంటబెట్టుకొచ్చాడు. మనిషి దిగాలుగా ఉన్నాడు.

"టెన్త్‌లో ఎంత?" అన్నారు సారు.

"అది కాదు సార్, క్యాట్‌లో తొంభై తొమ్మిదంట," అన్నాడాయన, తప్పు చేసిన వాడిలాగా.

తర్వాత తెలిసింది. ఫలితాలొచ్చిన రాత్రి ఆ ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదట. వనామీ రొయ్యలు సాగు చేసేవాళ్లకి అంకెలన్నీ కౌంటే. 30 కౌంటంటే కిలోకి ముప్పై తూగే రొయ్య, కొనేవాడు చెరువు గట్టుకే వస్తాడు. 100 కౌంటంటే పిల్ల రొయ్య. కొడుకు తొంభై తొమ్మిదని ఎగురుకుంటా వచ్చి చెప్తే, కన్నతండ్రికి గుండె జారదా?

సారు ఓపిగ్గా చెప్పారు. "కౌంట్ కాదు నాయనా, పర్సంటైల్. నూటికి తొంభై తొమ్మిది మంది నీ కొడుకు కంటే కిందుండారని." ఆయన మొహం ఇంకా విప్పారకముందే, "కాకపోతే," అన్నారు. "రాసేది మూడు లక్షల మంది దాకా. అంటే మీ వాడికంటే పైన ఇంకో మూడువేల మంది ఉండారు."

ఈ "కాకపోతే" లేకుండా సారు లేరు. ఛాన్సు లేదని ఎవరి మొహానా అనరు. ఉందనీ ఊరుకోరు. సీటొస్తే "ఛాన్సుంది అన్లా?" అనొచ్చు, రాకపోతే "కాకపోతే అన్లా?" అనొచ్చు. ఏళ్లతరబడి ఈ పని చేస్తున్నా ఆయన జోస్యం ఒక్కటీ తప్పకపోవడంలో గుట్టు ఇదే.

"ఇంటర్‌లో 978 సార్, వెయ్యికి," అన్నాడు తండ్రి, ఈసారి గట్టిగా.

"మీ వీధిలో 970 దాటినోళ్లు ఎంతమంది?"

ఆయన వేళ్లు మడిచాడు. రెండో చెయ్యి కూడా ఎత్తేసరికి సారు ఆపారు. బెంగుళూరు ఐఐఎం వాళ్లు, ఏ బోర్డులో నూటికి తొంభై మందిని దాటినవాడికి ఎంతొచ్చిందో చూసి, ఆ మార్కుతో మన మార్కును భాగిస్తారు. మన బోర్డులో ఆ గీతే ఆకాశంలో ఉంటుంది. అందరూ పొడుగ్గా ఉన్న ఊళ్లో పొడుగువాడికి ఏం గొప్ప? 978 మీద ఎర్రగీత పడింది.

"చదివింది?"

"బీటెక్, కంప్యూటర్స్."

"మగపిల్లోడు. ఇంజనీరు. అందులోనూ కంప్యూటర్స్," అని సారు పెన్సిల్ కింద పెట్టేశారు. క్లాసులో అందరూ ఒకే మూసలో ఉండకూడదని ఆడపిల్లలకీ, ఇంజనీరింగ్ చదవని వాళ్లకీ కొన్ని ఐఐఎంలు నాలుగు మార్కులు కలుపుతాయి. ముగ్గురు ఆడపిల్లల తర్వాత మొక్కులు మొక్కి కన్న కొడుకు వాడు. మగపుట్టుక వల్ల కూడా నష్టముంటుందని ఆ ఇంటికి తెలియడం అదే మొదలు.

"మన సత్య నాదెళ్ల కూడా ఇంజనీరే గదా సార్?" అన్నాడు తండ్రి, ఎక్కడో విన్నట్టుంది.

"ఆయన షికాగోలో చేసినాడు ఎంబీఏ. మైక్రోసాఫ్ట్‌లో పని చేసుకుంటా, శనాదివారాలు విమానమెక్కి పొయ్యొచ్చేవాడంట. మీ వాడు పొద్దున కాలేజీ బస్సన్నా అందుకున్నాడా?"

పిలకాయ ఫోను మీంచి తల ఎత్తలేదు.

ఇక తీర్పు. 1961లో పెట్టిన అహ్మదాబాదు, "దేవుడి దయ." బెంగుళూరు, పైన చెప్పిందే. హైదరాబాదు ఐఎస్‌బీలో పేరున్న కోర్సుకి ఉద్యోగానుభవం ఉండాలి, పరీక్ష కూడా వేరే, "అది ఈ జన్మకి కాదు, ఇంకో రెండేళ్లకి." చివరికి 2015లో మనకొచ్చిన వైజాగ్ ఐఐఎం దగ్గర నీలం పెన్సిల్‌తో టిక్కు పడింది.

రైతు మొహం మళ్లీ వాడిపోయింది. "వైజాగా? రాత్రి రైలెక్కితే తెల్లారి దిగుతాం. అంత దగ్గర్లో ఉండేదానికి పేరేముంటాది సార్?"

"ఆ కాలేజీ ఉండే చోటు పేరేందో తెలుసా? గంభీరం. నీకు ఇంకేం గావాల?"

ఇంటర్వ్యూలకి పిలుపు వైజాగ్ నుంచే వచ్చింది. ఆ మర్నాడు నేను సారు ఇంటి వసారాలో కూర్చుని ఉండగా రైతు ఒక కవరు పట్టుకొచ్చాడు. "మన చెరువువే సార్. ముప్పై కౌంట్."

సారు కవరు మూతి విప్పి, కళ్లజోడు సర్దుకుని, ఒక రొయ్యను తోక పట్టుకుని వెలుతురుకి ఎత్తారు.

"ముప్పై ఉండొచ్చు," అన్నారు. "కాకపోతే..."

లోపల్నుంచి అమ్మగారు వచ్చి కవరు లాక్కుంది. "కాకపోతే లేదు, గీకపోతే లేదు. ముందు పొయ్యి ఆ చింతపండు నానెయ్యండి."