వాయసపిండం మీద సీతాకోకచిలుక

చదివిందల్లా సందర్భం దొరకగానే నలుగురికీ చెప్పెయ్యాలన్న ఆత్రం నాకు చాలాకాలం ఉండేది. ఆ ఆత్రంతోనే మా అత్తయ్యను నొప్పించాను. అదీ మావయ్య పోయిన పదో రోజున.

సీతాకోకచిలుకను పోయినవాళ్ళ ప్రాణంగా చూసే నమ్మకం ఎక్కడెక్కడ ఉందో తెలిసేకొద్దీ నాకు ఒళ్ళు పులకరించేది. మెక్సికోలోని మిచోవకాన్ కొండల సంగతే చూడండి. అమెరికా ఉత్తర ప్రాంతాల నుంచీ కెనడా నుంచీ మోనార్క్ సీతాకోకచిలుకలు నాలుగు వేల కిలోమీటర్ల దాకా ఎగిరివచ్చి, నవంబరు మొదట్లో అక్కడి ఓయమెల్ చెట్లమీద కొమ్మ కనబడకుండా వాలతాయి. నవంబరు 1, 2 తేదీల్లో అక్కడ మృతుల పండుగ. తమ పెద్దలే ఇలా ఇంటికి వస్తున్నారని పురెపెచా, మజావా జనం నమ్మకం. వచ్చినవాటిలో ఒక్కటీ అంతకుముందు ఆ కొండల్ని చూసి ఎరగదు. ఆ వసంతంలో అక్కణ్ణుంచి వెళ్ళినవాటి మనవలూ మునిమనవలూ అవి. దారి ఎవరు చెప్పారు వాటికి? ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

జపాన్ కథ ఒకటి లఫ్కాడియో హెర్న్ 1904లో అచ్చువేసిన ‘క్వైదాన్’లో ఉంది. చావుబతుకుల్లో ఉన్న ముసలాయన తలగడ మీద ఒక తెల్ల సీతాకోకచిలుక వాలుతుంది. సోదరుడి కొడుకు విసనకర్రతో తోలతాడు. మళ్ళీ వస్తుంది, మళ్ళీ తోలతాడు. చివరికి వెంబడించి వెళ్తే అది ఒక సమాధి దగ్గర మాయమవుతుంది. పెళ్ళికి ముందే చనిపోయిన పిల్ల సమాధి అది. ఆ పిల్ల కోసమే ముసలాయన జీవితాంతం ఒంటరిగా ఉండిపోయాడు.

ఇలాంటివన్నీ నా మనసులో ఒకే దండగా గుచ్చుకున్నాను. ప్రపంచమంతా ఒకే మాట అంటోందనీ, దుఃఖంలో ఉన్న ఎవరికైనా ఆ మాట పనికొస్తుందనీ అనుకున్నాను.

కొవ్వూరు గోష్పాద రేవులో కర్మ జరుగుతోంది. వాయసపిండం గట్టు మీద పెట్టి అందరం దూరంగా జరిగాం. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, దిగడం లేదు. ‘బలగం’ సినిమా చూసినవాళ్ళకి ఆ నిలబడటం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పోయినాయన మనసులో ఏదో మిగిలిపోయిందని పెద్దలు గొణుక్కుంటున్నారు. అత్తయ్య రెండడుగులు ముందుకు వేసి, చేతులు జోడించి, “చిన్నదాని చదువు గురించేనా మీ బెంగ...” అని మొదలుపెట్టింది.

అప్పుడే పసుపుపచ్చని సీతాకోకచిలుక ఒకటి వచ్చి విస్తరి అంచున, పిండం పక్కనున్న అరటిపండు మీద వాలింది. నేను ఊరుకోలేకపోయాను. “అత్తయ్యా, చూడు! మావయ్య వచ్చేశాడు. మెక్సికోలో అయితే...” అంటూ అందుకున్నాను. పక్కవాళ్ళు నావైపు తిరిగారు. అత్తయ్య మాట సగంలో తెగిపోయింది. ఆమె నాకేసి చూసి, మెల్లగానే, “ఆయన్ని నాకు తెలిసినట్టు రానియ్యి నాన్నా” అంది.

అలా అన్నాక కూడా నాకు వెంటనే తలకెక్కలేదు. మంచి మాటే కదా చెప్పాను అనుకున్నాను. పెద్దబావ ముందుకొచ్చి, “చిన్నదాని చదువు మాన్పించం నాన్నా, నాదీ పూచీ” అని గట్టిగా అన్నాడు. ఎంతసేపటికో కాకి దిగింది. అత్తయ్య అక్కడే కూలబడి ఏడ్చింది. పది రోజులుగా ఆమె అలా ఏడవలేదట.

ఆ తర్వాతే నేను చదివినవాటినే మళ్ళీ తీసి చదివాను. ఎంత పైపైన చదివానో అప్పుడు తెలిసింది. పాంపేలో దొరికిన మొజాయిక్ ఒకటి ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. మేస్త్రీలు వాడే మట్టం, దానికి వేలాడుతూ పుర్రె, పుర్రె కింద సీతాకోకచిలుక, దాని కింద చక్రం. ఒకపక్క రాజదండం, ఊదారంగు వస్త్రం. రెండోపక్క బిచ్చగాడి కర్ర, జోలె. రోమన్లు దీన్ని విందు బల్ల మీద పెట్టుకున్నారు. అందులో ఏడ్చేవాళ్ళకి ఓదార్పు ఎక్కడుంది? తింటున్నవాళ్ళకి హెచ్చరిక అది. ఆ మెక్సికోలోనే తూలా దగ్గర రాతి యోధుల రొమ్ముల మీద కవచంలా ఉన్నదీ సీతాకోకచిలుకే. అజ్టెక్‌ల ఇత్స్‌పాపలోత్ల్ అనే దేవత రెక్కల అంచులకు నల్లరాతి కత్తులుంటాయి. చైనా తాత్వికుడు జ్వాంగ్‌జీ కలలో తాను సీతాకోకచిలుకై ఎగిరాడే కానీ, అందులో చనిపోయినవాళ్ళ ఊసే లేదు. నేను వీటన్నిటి పదునూ అరగదీసి ఒక తీపి మాట చేసుకున్నాను.

మిచోవకాన్ నమ్మకం మిచోవకాన్‌లో ఎందుకు నిలబడిందో కూడా నేను ఆలోచించలేదు. అక్కడ అవి ఏటేటా, పెద్దల్ని తలుచుకునే రోజుల్లోనే, లక్షల్లో వచ్చి వాలతాయి. మనకి అలా రోజూ ముంగిట్లోకి వచ్చేది కాకి. దానితో మా అత్తయ్యకు పుట్టిల్లు, అత్తిల్లు, మూడు తరాల తద్దినాలు ముడిపడి ఉన్నాయి. మగ సీతాకోకచిలుకలు ఉప్పు కోసం తడిమట్టిని పీలుస్తాయి, మగ్గిన పండు మీద వాలతాయి. ఆ రోజు రేవులో వాలినది అరటిపండు కోసమే వచ్చి ఉంటుంది.

సంవత్సరీకాలకి వెళ్ళినప్పుడు అత్తయ్యను క్షమించమని అడిగాను. ఆమె ఆ మాట పట్టించుకోకుండా, “ఇంతకీ ఆ దేశంలో వాళ్ళకేం పెడతారు?” అంది. పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండి, రొట్టె, పళ్ళు పెట్టి, వాళ్ళు దారి తప్పకుండా గుమ్మం దాకా బంతిపూలు పరుస్తారని చెప్పాను. బంతి పుట్టిల్లు మెక్సికోయేననీ చెప్పాను.

“బంతా!” అంది. “మీ మావయ్య లంకలో మిరపచేను చుట్టూ బంతే వేయించేవాడు. రెక్కలపురుగు దానిమీద గుడ్లు పెడితే మిరప దక్కుతుందనేవాడు. దసరాకి ఆ పూలు కోయడానికి నేనూ వెళ్ళేదాన్ని. ఒక ఏడు గోదారి పొంగి చేనంతా పోయిందా, ఆ ఎగువ గట్టు మీది బంతి ఒక్కటే...” అంటూ, విస్తళ్ళు వేయాల్సిన వేళ అవుతున్నా, మావయ్య సేద్యం సంగతులు చెప్పుకుపోయింది.